పిల్లల డాక్టర్లకు: మందుల చీటీలో ఇంకో లైను రాయండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటలతో పాటు అటు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల దాకా పిల్లల వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ నమస్తే.

నేను హనుమకొండలో పిల్లల ఆసుపత్రులు వరసగా ఉన్న ఒక వీధిలో మెడికల్ షాపు నడుపుతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా మీ చీటీలు నా కౌంటర్ మీద పడుతూనే ఉంటాయి. మీ చేతిరాత చదవడం మీదే మా ఇల్లు గడుస్తోంది కాబట్టి చదవడం గురించి మీకు నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు కొంత ఉందనే అనుకుంటున్నా.

అడగాల్సింది ముందే అడిగేస్తాను, ఓపీలో మీకు ఊపిరాడదని తెలుసు. ఐదేళ్లలోపు పిల్లలకు రాసే ప్రతి చీటీలో, చుక్కల మందూ సిరప్పూ అయిపోయాక అడుగున, ఇంకో లైను రాయండి. రోజూ పది నిమిషాలు అమ్మ గానీ నాన్న గానీ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చదివి చెప్పాలి, ఆ పది నిమిషాలూ ఫోన్లు పక్కన పెట్టాలి. అంతే. "నోటితో చెప్తూనే ఉన్నాం కదా" అంటారేమో. మీరు నోటితో చెప్పేది వేరు, అది బయటికొచ్చాక ఏమవుతోందో చూసేది నేను.

మీరు లోపల చెప్పేది "ఫోన్ ఇవ్వకండమ్మా" అని. ఆమె తలూపుతుంది, "అస్సలు ఇవ్వం సార్" అంటుంది. బయటికొచ్చి నా ముందు చీటీ పెట్టేసరికి పిల్లగాడి చేతిలో ఫోన్ ఉంటుంది. నేను మందులు తీస్తున్నంతసేపూ వాడు కదలడు, బొటనవేలు ఒక్కటే పైకీ పైకీ తోస్తుంటుంది, ఒక్క వీడియో కూడా చివరిదాకా చూడడు. ఇక బిల్లు కట్టే టైమొస్తుంది. స్కాన్ చెయ్యాలంటే ఫోన్ కావాలి, ఫోనేమో వాడి దగ్గర. "ఒక్కసారియ్యి నాన్నా, అంకుల్‌కు పైసలు కొట్టాలె" అని ఆమె బతిమాలుతుంది, వాడు రెండు చేతులా ఛాతీకి అదుముకుంటాడు, గుంజుకుంటే ఆ ఏడుపు వీధి చివర టీ కొట్టు దాకా వినిపిస్తుంది. లైన్లో వెనకున్నవాళ్లు ఆమెను ఒక చూపు చూస్తారు, వాళ్ల పిల్లల చేతుల్లోనూ ఫోన్లే ఉన్నా సరే. ఈ మధ్య చిన్నపిల్లలతో వచ్చినవాళ్లను నేనే "నగదుంటే ఇవ్వమ్మా" అని అడుగుతున్నా. చిల్లర వెతుక్కోవడం బాధే, కానీ ఆ ఏడుపు కంటే నయం.

మెడికల్ షాపువాడి దగ్గర భయం ఉండదు కాబట్టి మీకు చెప్పని నిజాలు మాకు చెప్తారు. "ఫోన్ పెడితేనే ముద్ద మింగుతడు అన్నా, ఆకలి సిరప్ ఏమన్న ఉంటే ఇయ్యరాదు" అని అడిగేవాళ్లు లేని రోజు లేదు. "ఇంట్ల ఇద్దరమే ఉంటం, ఆయన డ్యూటీకి పోతె నేను వంట చేసుకోవద్దా, బట్టలు పిండుకోవద్దా?" అని ఒకామె అడిగింది, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నిజానికి మీ దగ్గరా లేదు. నానమ్మ ఊర్లో, అమ్మమ్మ ఇంకో ఊర్లో, వీళ్లు గోపాలపూర్‌లోనో హంటర్ రోడ్డులోనో రెండు గదుల్లో. పిల్లను ఎత్తుకునే చేతులు తగ్గిపోయిన ఇంట్లో ఆ పని ఫోన్ చేస్తోంది. దాన్ని తీసెయ్యమన్నారు, బాగానే ఉంది, తీసేశాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అందుకే మీరు చెప్పిన "వద్దు" ఆసుపత్రి గేటు దాటాక నిలబడట్లేదు.

నిజానికి ఏం చెయ్యాలో మీ పెద్దలే రాసిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల గురించి సూచనలిచ్చింది. ఏడాది లోపు, ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలొద్దు, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు గంట దాటొద్దు, తక్కువైతే ఇంకా మంచిది అని. ఇది పేపర్లో వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది, అందరికీ తెలిసింది. ఆ సూచనల్లోనే, ఆ పక్కనే, పిల్లలు కదలకుండా కూర్చునే సమయంలో పెద్దవాళ్లు దగ్గరుండి పుస్తకం చదవడం, కథ చెప్పడం చెయ్యాలని కూడా ఉంది. ఆ సగం మాత్రం ఎక్కడా తిరగలేదు. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా అంతే గట్టిగా ఉన్నాయి: రెండేళ్లలోపు ఎప్పుడో ఒకసారి చుట్టాలతో వీడియో కాల్ తప్ప ఏ స్క్రీనూ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య గంటకు మించొద్దు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. ఈ "పక్కనుండగా" అన్న మాటను మనవాళ్లు పూర్తిగా వదిలేశారు. మన ఇళ్లలో ఫోన్ ఇచ్చేదే పక్కన ఉండలేక కదా.

నాకర్థమైనంతలో అసలు సంగతి ఇక్కడే ఉంది. తప్పంతా ఫోన్ మీదికి తోసేస్తే మాట్లాడటం సులువు, కానీ పిల్లకు కావాల్సింది ఎదురుగా ఒక మనిషి. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు 2003లో ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. తొమ్మిది నెలల పిల్లలు, ఇంట్లో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినని పిల్లలు. వాళ్లలో కొందరి దగ్గరికి చైనా భాష మాట్లాడే మనుషులు వచ్చి కూర్చుని బొమ్మలతో ఆడుతూ, పుస్తకాలు చదువుతూ ఆ భాషలోనే మాట్లాడారు. ఇంకొందరికి అదే మనుషులు, అవే మాటలు, టీవీలో చూపించారు. మనుషులతో కూర్చున్న పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాలను పట్టుకున్నారు, టీవీ చూసినవాళ్లకు ఒక్కటీ అబ్బలేదు. చూడకుండా ఉన్నారా అంటే అదీ కాదు, బాగానే చూశారు. అంటే పిల్లగాడు కళ్లార్పకుండా చూస్తున్నాడంటే నేర్చుకుంటున్నాడని లెక్క కాదన్నమాట. "రైమ్స్ అన్నీ ఫోన్లోనే నేర్చిండు, ఏబీసీడీలు గడగడ చెప్తడు" అని మురిసిపోయే తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క మీరు చెప్పగలిగితే చాలు. ఆ ఏబీసీడీలు చెప్పే పిల్లే దాహమైతే "నీళ్లు" అని అడగలేక వేలు చూపిస్తుంటే మీ దగ్గరికే తీసుకొస్తున్నారు కదా.

టచ్ స్క్రీన్‌లో పుస్తకం పెడితే సరిపోదా అని చదువుకున్న నాన్నలు అడుగుతారు. దానికీ జవాబుంది. 2019లో మిచిగన్ యూనివర్సిటీ డాక్టర్లు 37 మంది తల్లిదండ్రులను, వాళ్ల రెండు మూడేళ్ల పిల్లలను కూర్చోబెట్టి అచ్చు పుస్తకం, ట్యాబ్‌లో మామూలు పుస్తకం, ట్యాబ్‌లో శబ్దాలూ కదిలే బొమ్మలూ ఉన్న పుస్తకం ఇచ్చి చూశారు. అచ్చు పుస్తకం దగ్గర తల్లీ పిల్లా ఎక్కువ మాట్లాడుకున్నారు. ట్యాబ్ ఇచ్చినప్పుడు మాటలు తగ్గాయి, ఉన్న మాటల్లోనూ అక్కడ నొక్కకు, ఇక్కడ ముట్టకు అనేవి పెరిగాయి. మన ఇళ్లలో జరిగేదీ అదే. ఫోన్లో కోడిని నొక్కితే అదే కూస్తుంది, అమ్మతో పని లేదు. పుస్తకంలో కోడి కూయదు కాబట్టి అమ్మే కూయాలి, ఆమె కూస్తే వాడు నవ్వుతాడు, మళ్లీ కూయమంటాడు, పక్క పేజీలో కుక్క వస్తే ఆమె కంటే ముందు వాడే మొరుగుతాడు. పిల్లకు మాటలొచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే.

మా కౌంటర్ సంగతి చెప్తాను. కొన్నాళ్ల క్రితం నాలుగు బొమ్మల పుస్తకాలు కొని, బ్యాంకులో పెన్నుకు దారం కట్టినట్టు కౌంటర్‌కు దారంతో కట్టి పెట్టాను. ఏదో బిల్లు టైములో ఏడుపు తగ్గుతుందనే ఆశ తప్ప గొప్ప ఉద్దేశం ఏమీ లేదు. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఒకరోజు పరకాల వైపు నుంచి ఒక నానమ్మ మనవణ్ని తీసుకొచ్చింది, జ్వరం, వాడికి రెండేళ్లుంటాయి. కొడుకు బయట బండి పెడుతున్నాడు, ఫోన్ ఆయన దగ్గరే ఉంది, వాడు సతాయిస్తున్నాడు. ఆమె పుస్తకం తెరిచింది. చదువు రాదు ఆమెకు, ఉత్త అక్షరాలే ఉంటే తలకిందులుగా పట్టుకునేదేమో గానీ బొమ్మ ఉంది కాబట్టి సరిగ్గానే పట్టుకుంది. బర్రె బొమ్మ కనపడగానే "ఇగో, మన లచ్చి!" అంది. అక్కడి నుంచి ఇక పుస్తకంలో కథ పక్కకు పోయింది. లచ్చి మొన్న తాడు తెంపుకుని ఎవరి పొలంలో పడ్డదీ, తాత కట్టె పట్టుకుని ఎట్లా ఉరికిందీ, లచ్చి దూడకు ఎన్ని పాలు వదిలిందీ, అన్నీ చెప్పుకొచ్చింది, మధ్యమధ్యలో "లచ్చి ఎట్ల ఒర్రింది?" అని అడుగుతుంటే వాడు జ్వరంతోనే "అంబా" అంటున్నాడు. కొడుకు వచ్చి ఫోన్ చూపించినా వాడు ఇటు తిరగలేదు. ఆ నానమ్మకు నేను పారాసెటమాల్ ఎన్ని ఎమ్మెల్ వెయ్యాలో మూత మీద గీత గీసి చూపించాను, ఆమె చేసిన పని మాత్రం ఆమెకు ఎవరూ చూపించక్కర్లేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, "మా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి చదువే రాదు, పుస్తకం రాస్తే ఏం చేస్తారు?" అని మీలో ఒకరు నాతో అన్నారు కాబట్టి. సార్, ఈ నేల మీద ఆ ప్రశ్న నిలవదు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ 2016 దాకా మన వరంగల్ జిల్లాదే. అక్కడి నకాషీ అనే చిత్రకారులు గీసిన పటాలను కథ చెప్పేవాళ్లు గజాల పొడవున వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కట్టెతో చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవాళ్లు. కూనపులివాళ్లనే కథకులు పద్మశాలీలకు వాళ్ల కులం కథను అట్లా పటం చూపించే చెప్పారు. ఎదురుగా కూర్చున్న జనంలో అక్షరం వచ్చినవాళ్లు ఎంతమంది? బొమ్మ చూపించి కథ చెప్పడం మనకు కొత్తగా ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. రెండేళ్ల పిల్ల కోసమైతే అక్షరాలతో పని కూడా లేదు, వేలు పెట్టి చూపించడం, పేరు చెప్పడం, "ఇదేంది?" అని అడిగి జవాబొచ్చేదాకా ఆగడం, ఇంతే. ఈ ఆగడం దగ్గరే చదువుకున్నవాళ్లు ఫెయిలవుతారు, గబగబా చదివేసి పేజీ తిప్పేస్తారు.

అలాగే ఏ భాషలో అన్న పేచీ ఒకటుంది. తండాల నుంచి వచ్చిన అమ్మ పిల్లతో లంబాడీలో మాట్లాడుతూ మనల్ని చూడగానే తెలుగులోకి మారుతుంది. ములుగు, ఏటూరునాగారం వైపు కోయ ఇళ్లలోనూ అంతే. ఇక టౌన్‌లో ఉన్న తెలుగువాళ్లేమో "స్కూల్లో ఇంగ్లీషే కదా" అని పిల్లతో "కమ్, సిట్, ఈట్" అని మూడు మాటల్లో మాట్లాడుతుంటారు. మీకు ఏ భాషలో నవ్వొస్తుందో, కోపమొస్తుందో ఆ భాషలో చెప్పండమ్మా అని డాక్టర్ కోటు వేసుకున్న మనిషి అంటే చాలు. మేమంటే వినరు, మీరంటే వింటారు.

మీ మాటకున్న బలం మీకు తెలియదేమో అని నాకు అనుమానం. విటమిన్ డి చుక్కలు ఏడాది పాటు రోజూ వెయ్యాలని రాస్తే ఏడాది పాటు వేస్తారు, సీసా అయిపోతే వర్షంలో తడుస్తూ వస్తారు. ఎన్ని చుక్కలు, పాలకు ముందా తర్వాతా అని నన్ను రెండుసార్లు అడిగి మరీ పోతారు. చీటీ మీద ఉన్నది మందు, చీటీ మీద లేనిది మాట. "పౌష్టికాహారం పెట్టండి" అని మీరు నోటితో అన్నది గుమ్మం దగ్గరే రాలిపోతుంది, అదే కాగితం మీద "రోజుకొక గుడ్డు" అని రాస్తే గుడ్డు పెడతారు. అందుకే నోటిమాట చాలదంటున్నా.

పైగా పుట్టిన దగ్గర్నుంచీ పిల్లను క్రమం తప్పకుండా చూసేది మీరొక్కరే. టీకాలకని ఆరు వారాలు, పది, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు, మళ్లీ పదహారు నెలల తర్వాత, ఆపైన ఐదేళ్లకు బూస్టర్. ప్రైవేటులో అయితే ఇంకా ఎక్కువసార్లు. బడి టీచర్ దగ్గరికి పిల్ల వచ్చేసరికి మూడేళ్లో నాలుగేళ్లో నిండిపోతాయి. అమెరికాలో బోస్టన్ సిటీ ఆసుపత్రిలో 1989లోనే పిల్లల డాక్టర్లు, టీచర్లు కలిసి ఈ పని మొదలుపెట్టారు, చెకప్‌కు వచ్చిన పిల్ల చేతిలో ఒక పుస్తకం పెట్టి, ఎలా చదివి వినిపించాలో తల్లికి అక్కడే రెండు నిమిషాలు చూపించి పంపడం. అదే ఇవాళ ఆ దేశమంతా ఉంది. 2014లో అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం, పసిపిల్లగా ఉన్నప్పటి నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పడం పిల్లల వైద్యంలో భాగమని తీర్మానించింది. మీరు ఉచితంగా పుస్తకాలు పంచాలని నేను అడగట్లేదు, అడగాలని ఉన్నా ఇప్పుడు అడగను.

బడి చూసుకుంటుంది లెమ్మనే ధీమా మన తల్లిదండ్రుల్లో చాలా ఉంది. నర్సరీకే వేలకు వేలు కడుతున్నప్పుడు ఇక చదివించే పని వాళ్లది కాదా అంటారు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే ఆసర్ 2024 సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. 2022లో 16.3 ఉండేది, కొంత పెరిగింది, సంతోషం. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అని, మన రాష్ట్రం 2022లో తొలిమెట్టు అని కార్యక్రమాలు పెట్టి టీచర్ల చేత గట్టిగానే పని చేయిస్తున్నాయి. కానీ బడిలో అక్షరం దిద్దేనాటికి ఆ పిల్ల దగ్గర మాటలుండాలి కదా. "ఏరు" అన్న మాట ఎన్నడూ విననివాడు ఏ కు రు చేర్చి చదివినా వాడికి అది ఏరు కాదు. ఆ మాటలు ఇంట్లోనే రావాలి, టీచర్లు ఎంత మంచివాళ్లైనా వెనక్కి పోయి రెండేళ్ల వయసుకు మాటలు పెట్టి రాలేరు.

ఇక్కడ మీకు ఒక చిన్న ఫిర్యాదు కూడా. భయపెట్టకండి. "సెల్ చూస్తే ఆటిజం వస్తుంది" అని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది, కొన్ని ఆసుపత్రుల్లో కింది స్టాఫ్ కూడా అదే అంటున్నారు. ఆటిజం పుట్టుకతో మెదడు ఎదుగుదలలో ఉండే తేడా అని మీకు తెలుసు, మాటలు ఆలస్యమైతే ముందు చెవులు పరీక్ష చేయించాలని కూడా మీకే తెలుసు. కానీ ఆ మెసేజ్ చదివిన తల్లి ఏం చేస్తుందంటే మీ దగ్గర అబద్ధం చెప్తుంది. రోజుకు నాలుగు గంటలు ఇచ్చినా "అస్సలు చూడడు సార్" అంటుంది, అత్తగారి ముందు ఒప్పుకుంటే బిడ్డకు మాటలు రానిది తనవల్లేనని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారని ఆమె భయం. తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు, ఆయన పక్క కుర్చీలో రీల్స్ చూసుకుంటుంటాడు. చీటీ మీద రాసేటప్పుడు "నాన్న" అన్న మాట తప్పకుండా రాయండి. వీలైతే ముందు రాయండి.

దూరంగా ఉన్న నాన్నల గురించి కూడా ఒక మాట. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ప్రాక్టీస్ చేసేవాళ్లకు తెలుసు, అక్కడ ఎన్నో ఇళ్లలో నాన్న అంటేనే ఫోన్. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషిని పిల్ల పుట్టినప్పటి నుంచీ స్క్రీన్ మీదే చూసింది, ఆ ఇంటికి పోయి ఫోన్ ఇవ్వొద్దంటే నాన్ననే వద్దన్నట్టవుతుంది. ఆ కంగారు పెట్టకండి, వీడియో కాల్‌కు మీ అకాడమీ కూడా సందు వదిలింది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు పట్టుకోలేదు, అదే మనిషి వీడియో కాల్‌లో ఎదురుగా ఉండి పిల్ల అన్నదానికి జవాబిస్తూ మాట్లాడితే పట్టుకున్నారు. కాబట్టి డ్యూటీ దిగిన నాన్న "తిన్నవా, పండుకున్నవా" అని రెండు ముక్కలడిగి అమ్మకు ఫోన్ ఇమ్మనకుండా, ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకమే ఇంకొకటి ఆయన దగ్గర ఉంచుకుని అక్కడి నుంచి ఒక పేజీ, ఇక్కడి నుంచి ఒక పేజీ చూపించుకుంటూ కథ చెప్పొచ్చు. సెలవుకొచ్చి తిరిగి పోయేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన ఒక పల్చటి పుస్తకం పట్టదా? పోయినేడు నా షాపులోనే ఒకాయనకు ఈ మాట చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. మీరు చెప్తే నవ్వడు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు, ఆ జవాబు మీ దగ్గర ఉండాలి. నేషనల్ బుక్ ట్రస్ట్‌వాళ్లవి, ప్రథమ్ బుక్స్‌వాళ్లవి తెలుగులో ఉన్నాయి, హైదరాబాద్‌లో మంచి పుస్తకంవాళ్లు పిల్లల కోసమే వేస్తున్నారు, చాలావాటి ఖరీదు ఒక సిరప్ సీసా కంటే ఎక్కువ ఉండదు. సిరప్ ధర నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! అదీ కొనలేనివాళ్లకు ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితం. అవి ఫోన్లోనే చూడాలి, నిజమే, కానీ ఫోన్ అమ్మ చేతిలో ఉండి, పిల్ల ఒళ్లో ఉండి, పేజీ ఆమె తిప్పుతూ మాట్లాడుతుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఏడెనిమిది నెలల పిల్లకైతే గట్టి అట్టల పుస్తకమే ఇవ్వమనండి, నోట్లో పెట్టుకుంటుంది, నాకుతుంది, పరవాలేదు. ఒకటే పుస్తకం పదిసార్లు చదవమంటోందని విసుక్కుంటారు, ఆ పదోసారే పిల్ల నోట్లోంచి మాట మీకంటే ముందు వస్తుందని చెప్పండి.

లైబ్రరీలనూ వదలొద్దు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టారు, నిజాం కాలంలో తెలుగు చదువుకోవడమే ఒక పోరాటంగా ఉన్న రోజుల్లో. మనం ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇవాళ లైబ్రరీకి పోతే గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు ప్రిపేరయ్యే పిల్లలు మెట్ల మీద కూడా కూర్చుని చదువుతుంటారు, వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, కానీ మూడేళ్ల పిల్ల కేకలు వేసే చోటు అందులో ఉండదు. ఆ ఉత్తరం గ్రంథాలయ సంస్థకు వేరేగా రాస్తా.

మీ వెయిటింగ్ హాల్ సంగతి. గోడకు టీవీ, అందులో కార్టూన్, మూలన చార్జింగ్ పాయింట్ల దగ్గర గుంపు. టోకెన్ ఇరవై ఏడు అంటే గంటన్నర కూర్చోవాలి, అందులో సగం మంది పిల్లలకు ఇవాళ జ్వరం కాదు, టీకానే, ఒంట్లో బాగానే ఉంది, ఆడుకోవాలని ఉంది. ఆ గంటన్నరా ఫోన్ చూపించి, లోపలికి పిలిచి "ఫోన్ చూపించొద్దు" అని మీరంటున్నారు. టీవీ కట్టేసి ఒక బుట్టలో ఇరవై పుస్తకాలు పెట్టండి. చిరుగుతాయి, ఒకటో రెండో ఇంటికి పోతాయి, పోనివ్వండి, ఆ ఇంట్లో పుస్తకం చేరిందని అనుకోండి. జబ్బు పిల్లలు ముట్టుకున్నవి అంటుకుంటాయని మీలో కొందరు అంటారు, సబబే, జ్వరాలవాళ్లను వేరుగా కూర్చోబెట్టే ఆసుపత్రుల్లో టీకాల వైపు మాత్రం పెట్టండి, శానిటైజర్‌తో తుడవగలిగే అట్టల పుస్తకాలే పెట్టండి. మా కౌంటర్ మీద ఇప్పుడున్నవి అవే.

చివరికి టైము. ఒక్కో పిల్లకు మీకు దొరికేది నాలుగైదు నిమిషాలని తెలుసు, అందులో ఒక లైను చేత్తో రాయడం కూడా కష్టమేనని తెలుసు, రాసినా అది చదవాల్సింది మళ్లీ నేనేనని ఇంకా బాగా తెలుసు. అందుకని చౌరస్తా దగ్గర స్టాంపులు చేసేచోట ఒక రబ్బరు స్టాంపు చేయించి పెట్టాను. "రోజూ 10 నిమిషాలు. నాన్న లేదా అమ్మ ఒళ్లో. బొమ్మల పుస్తకం, మీ ఇంటి భాషలో. ఫోన్లు పక్కన." నాలుగు వరసలు, పెద్ద అక్షరాలు. మా వీధిలో ఇద్దరు డాక్టర్లు వాడటానికి ఒప్పుకున్నారు, ఒక మేడమ్ మాత్రం "10 నిమిషాలు" తర్వాత "పడుకునే ముందు" అని చేర్చమన్నారు, అది బాగుంది, రెండో అచ్చులో చేర్చాను. మీకూ కావాలంటే మీ మెడికల్ రిప్రజెంటేటివ్ ఎవరితోనైనా కబురు చెయ్యండి, వాళ్లందరూ నా షాపుకు వచ్చేవాళ్లే. స్టాంపు ఖర్చు నాది. ప్యాడ్ మాత్రం ఎర్ర ఇంకుది మీరే కొనుక్కోండి, నీలం వేస్తే మీ సంతకంలో కలిసిపోయి నాకు రెండూ అర్థం కావట్లేదు.

ఇట్లు,
మీ చీటీలు చదివే ఒక మెడికల్ షాపు మనిషి,
హనుమకొండ